ఫ్లాటా, క్లిప్పా? మౌంటెన్ బైక్ పెడళ్ల మీద అపోహలు - వాస్తవాలు

వారమంతా సైకిళ్లు రిపేరు చేస్తాను. ఆదివారం వస్తే కొత్తవాళ్లను వెంటబెట్టుకుని వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవి దారుల్లోకి పోతాను. గేర్ల గురించి, బ్రేకుల గురించి అడిగేవాళ్లు తక్కువ. "అన్నా, ఫ్లాట్ వేయించాలా, క్లిప్ వేయించాలా?" అని మాత్రం ప్రతి వారం ఎవరో ఒకరు అడుగుతారు. అడిగేవాళ్లలో సగం మంది జవాబు ముందే ఎక్కడో విని వస్తారు. వచ్చిన చిక్కల్లా ఆ విన్న మాటలతోనే.

ఫ్లాట్ అంటే షూను పట్టి ఉంచేదేమీ లేని సమతలమైన పెడల్, పట్టుకోసం దాని మీద చిన్న పిన్నులు ఉంటాయి. క్లిప్ అంటే షూ అందులోకి తగులుకునే పెడల్, దాని అసలు పేరు క్లిప్‌లెస్. ముందు ఆ పేరు గొడవ తేల్చేద్దాం. 'క్లిప్‌లెస్' అంటే క్లిప్ లేనిది అనుకుని ఫ్లాట్ పెడళ్లకు బదులు అవి కొనేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్ల తప్పేం లేదు, పేరే అలా ఉంది. వెనకటి రేసు సైకిళ్ల పెడళ్లకు ముందువైపు ఒక పంజరం, దానికో పట్టీ ఉండేవి. ఆ పంజరం పేరు టో క్లిప్. 1984లో ఫ్రాన్స్‌కు చెందిన లుక్ కంపెనీ, మంచు మీద జారే స్కీలకు బూట్లు బిగించే పద్ధతిని పెడల్‌కు తెచ్చింది. టో క్లిప్‌తో పని లేకుండా పోయింది కాబట్టి క్లిప్‌లెస్ అన్నారు. మరుసటి ఏడాదే బెర్నార్ ఇనో ఆ పెడళ్లతో టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. మట్టిదారులకు పనికొచ్చేది షిమానో 1990లో తెచ్చిన ఎస్‌పీడీ. దాని క్లీట్, అంటే పెడల్‌కు తగులుకోవడానికి షూ అడుగున బిగించే ముక్క, చిన్నది, షూ సోల్‌లో ఉన్న గుంటలో ఒదిగిపోతుంది, దిగి మామూలుగా నడవొచ్చు. ఇక్కడ నేను క్లిప్ అంటే అదే.

అపోహ: క్లిప్ ఉంటే కాలు పైకి లాగి కూడా బలం తీయొచ్చు, ఎత్తు ఎక్కడం సులువు

ఇది బాగా పాతుకుపోయిన మాట. సైకిల్‌ని నడిపించే బలం దాదాపు అంతా కిందికి తొక్కేటప్పుడే వస్తుంది. పైకి వచ్చే కాలు తన బరువు తాను మోసుకుంటూ, తొక్కుతున్న కాలికి అడ్డం పడకుండా ఉంటే అదే గొప్ప. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో సైక్లిస్టులతో నాలుగు రకాలుగా తొక్కించి, పీల్చిన ఆక్సిజన్ కొలిచారు. కావాలని పైకి లాగుతూ తొక్కినప్పుడు అదే పనికి శరీరం ఎక్కువ ఖర్చు పెట్టింది. నిటారు గట్టు మీద చివరి నాలుగైదు తొక్కుల్లో లాగడం కాస్త సాయపడుతుంది, కాదనను. గంటసేపు అలా లాగితే మాత్రం తొడ మొదట్లో నొప్పి తప్ప మిగిలేదేమీ ఉండదు.

క్లిప్‌తో అసలు లాభం వేరే ఉంది. రాళ్లూ వేర్లూ ఉన్న దారిలో సైకిల్ గడగడలాడుతున్నా పాదం ఎగిరిపోదు, తొక్కడం ఆపక్కర్లేదు. మూడు గంటల తర్వాత కూడా పాదం పెట్టిన చోటే ఉంటుంది. ఒలింపిక్స్ క్రాస్‌కంట్రీ రేసుల్లో క్లిప్పులే కనబడేది అందుకే.

అపోహ: ఫ్లాట్ నేర్చుకునేవాళ్లకే, ప్రోలంతా క్లిప్పే

రేసుల్లో ఎక్కువమంది క్లిప్ వాడే మాట నిజం. కానీ ఆస్ట్రేలియా రైడర్ సామ్ హిల్ 2006, 2007, 2010లో డౌన్‌హిల్ (కొండ దిగే పందెం) ప్రపంచ ఛాంపియన్ అయింది ఫ్లాట్ పెడళ్ల మీదే. ఆ తర్వాత 2017 నుంచి 2019 వరకు వరసగా మూడేళ్లు ఎండ్యూరో వరల్డ్ సిరీస్ గెలిచిందీ వాటి మీదే. ఎండ్యూరో అంటే దిగడమే కాదు, రోజంతా ఎక్కాలి కూడా.

అపోహ: క్లిప్‌లో కాలు ఇరుక్కుపోతుంది, పడితే విరుగుతుంది

మడమ బయటికి తిప్పితే క్లీట్ ఊడుతుంది. వేగంగా పోతూ పడినప్పుడు ఒళ్లు మెలి తిరిగే ఊపుకు చాలాసార్లు అదే ఊడిపోతుంది. పరువు పోయేది ఆగేటప్పుడే.

నా సంగతే చెప్తాను. అడవి దిగి టీ కొట్టు ముందు ఆగాను. కుడి మడమ తిప్పాను. షూ తిరిగింది, క్లీట్ తిరగలేదు. మళ్లీ తిప్పాను, అంతే. ఈలోగా సైకిల్ పూర్తిగా ఆగింది. నరికిన చెట్టులా మెల్లగా, అందరూ చూస్తుండగా కుడివైపు ఒరిగిపోయాను. టీ కొట్టాయన గ్లాసు పక్కనపెట్టి వచ్చి సైకిల్ లేపాడు, నేను ఇంకా దానికి తగులుకునే ఉన్నాను. చివరికి లేసు విప్పి కాలు బయటికి లాగాను. షూ పెడల్‌కే వేలాడుతోంది. చూస్తే క్లీట్‌కు ఉండాల్సిన రెండు బోల్టుల్లో ఒకటి లేదు, దారిలో ఎక్కడో రాలిపోయింది. ఒక్క బోల్టే మిగిలితే క్లీట్ దాని చుట్టూ గిర్రున తిరుగుతుంది కానీ పెడల్‌ని వదలదు. పెడల్‌ది తప్పు కాదు, బిగువు చూసుకోని నాదే. ఊరంతా సైకిళ్లు బాగుచేసేవాణ్ణి!

అప్పటినుంచి నెలకోసారి 4 ఎంఎం ఆలెన్ కీతో క్లీట్ బోల్టులు చూస్తాను. బిగించేటప్పుడు మరలకు కొంచెం గ్రీజు రాస్తాను. కొత్తవాళ్లయితే పెడల్ మీద ఉన్న చిన్న స్క్రూ తిప్పి స్ప్రింగ్ వదులు చేసుకోండి. పెడల్‌కు రెండు వైపులా స్క్రూ ఉంటుంది, అంటే జతకు నాలుగు. నాలుగూ ఒకే లెక్కన తిప్పాలి. షిమానోలో ఎస్‌హెచ్ 56 అనే క్లీట్ మడమ ఎటు తిప్పినా ఊడుతుంది, మొదట్లో అదే మేలు. గడ్డి ఉన్న ఖాళీ స్థలంలో ఒక్కో కాలికి యాభైసార్లు తగిలించి ఊడదీయండి. బ్రేకు నొక్కకముందే కాలు ఊడాలి, అది అలవాటైతే టెన్షన్ పోతుంది.

అపోహ: ఫ్లాట్ అయితే ఏ షూ వేసుకున్నా ఒకటే

ఖరీదైన పెడళ్లు వేయించుకుని రన్నింగ్ షూతో వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ సోల్ మెత్తగా, ముందు వంగి, గాడులు గాడులుగా ఉంటుంది. పెడల్ పిన్నులకు పట్టు దొరకదు. కావాల్సింది సమతలంగా ఉన్న, అంటుకునే రబ్బరు సోల్. డబ్బు తక్కువుంటే పెడల్ దగ్గర తగ్గండి, షూ దగ్గర తగ్గకండి. పాదం కూడా క్లిప్‌లో కంటే కాస్త ముందుకు పెట్టాలి, పెడల్ ఇరుసు పాదం నడిమికి దగ్గరగా రావాలి. దిగుడులో మడమలు కిందికి వాలాలి. జారితే పిన్నులు ఊరుకోవు. నా కుడికాలి ఎముక మీద ముగ్గుకు పెట్టిన చుక్కల్లా ఒక వరస ఇప్పటికీ ఉంది.

క్లిప్ మోకాళ్లను పాడుచేస్తుందంటారు. పాడుచేసేది వంకరగా బిగించిన క్లీట్. బల్ల మీద కూర్చుని కాళ్లు వేలాడదీయండి, పాదాలు ఎటు తిరిగి ఉంటే క్లీట్ అటే ఉండాలి. సర్దినా నొప్పి తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఒకవైపు క్లిప్, ఇంకోవైపు ఫ్లాట్ ఉన్న పెడళ్లు ఊళ్లో తిరగడానికి బాగుంటాయి. కొండ మీద మాత్రం కావాల్సిన వైపు ఎప్పుడూ కిందే ఉంటుంది.

వానాకాలం సంగతి వేరు. అనంతగిరి ఎర్రమట్టి కొంత నయం. దిగువన నల్లరేగడి చేల గట్ల మీద ఒకసారి దిగి నడిస్తే సోల్ గుంట మొత్తం పూడిపోతుంది, క్లీట్ ఎంత తొక్కినా తగలదు, పుల్లతో గీకాల్సిందే. ఆ నెలల్లో నేను ఫ్లాట్లే వేస్తాను.

మొదటి ఏడాది ఎవరికైనా ఫ్లాటే చెప్తాను. క్లిప్ ఉంటే రాయి వచ్చినప్పుడు రెండు కాళ్లతో సైకిల్‌ని పైకి లాగేసి, దూకడం వచ్చేసిందనుకుంటారు. ఫ్లాట్ మీద ఆ పప్పులుడకవు. బరువు వెనక్కి వేసి, మునివేళ్లు కిందికి వంచి, పెడల్‌ని వెనక్కి నెడుతూ లేపాలి. అది వచ్చాక, దూరాలు పోవాలనిపిస్తే క్లిప్‌కు మారండి.

మార్చేటప్పుడు ఒక్క విషయం: ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, విప్పాలంటే కుడివైపు తిప్పాలి. పెడల్ మీద ఎల్, ఆర్ అని రాసి ఉంటుంది, చూసుకుని చేత్తోనే మొదలుపెట్టండి. నాలుగు చుట్లు చేత్తో తిరగకపోతే స్పానర్ పట్టుకోకండి, క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) మర పోతుంది. అలా మర పోయిన క్రాంకులు నా దగ్గర ఒక డబ్బా నిండా ఉన్నాయి, అన్నీ ఎడమవే.