యూజర్ టైప్ చేసిన లెక్కల ఎక్స్‌ప్రెషన్ ((2+3)*4 లాంటిది) ప్రోగ్రామ్‌లో చెక్ చేసి ఆన్సర్ ఇవ్వడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇవాల్ (eval, ఇచ్చిన రాతని కోడ్‌లాగా నేరుగా నడిపేసే ఫంక్షన్) ఉండగా వేరే కోడ్ ఎందుకు, అక్షరాలు రానివ్వకుండా అంకెలు, గుర్తులు మాత్రమే తీసుకుంటే సేఫే.

వాస్తవం: పైథాన్‌లో 9**9**9 (** అంటే ఘాతం) ఇచ్చి చూడండి, ఒక్క అక్షరం కూడా లేదు, కానీ ఘాతాలు కుడివైపు నుంచి లెక్కేస్తుంది కాబట్టి జవాబులో దాదాపు 37 కోట్ల అంకెలు రావాలి, ప్రోగ్రామ్ అక్కడే ఇరుక్కుపోతుంది. 010 అని కొడితే పైథాన్ 3 ఎర్రర్ ఇస్తుంది, జావాస్క్రిప్ట్ మామూలు మోడ్‌లో దాన్ని 8 అనుకుంటుంది. యూజర్ అడిగింది పది!

అపోహ: బ్రాకెట్లు తెరిచినవి, మూసినవి సమానంగా ఉంటే కరెక్టే.

వాస్తవం: )2+3( లో కూడా సమానమే కదా. తెరిస్తే ఒకటి కలిపి, మూస్తే ఒకటి తీసేసే కౌంటర్ పెట్టి, అది మధ్యలో ఎక్కడా సున్నా కిందకి పోకూడదు అన్నా (2+)3 హాయిగా దాటిపోతుంది. రెజెక్స్‌తో (అక్షరాల వరస ఒక నమూనాకి సరిపోతుందో లేదో చూసే పద్ధతి) చేద్దామంటే, బ్రాకెట్లో బ్రాకెట్ ఎంత లోతైనా ఉండొచ్చు, మామూలు రెజెక్స్‌కి అది పట్టుకోవడం రాదు.

నేనైతే చెకింగ్ వేరు, లెక్క వేరు అని అసలు విడదీయను. ఎడమ నుంచి చదువుతూ "ఇప్పుడు సంఖ్య రావాలా, గుర్తు రావాలా" అని గుర్తుపెట్టుకునే ఒక్క ఫ్లాగ్ (అవును/కాదు వేరియబుల్) పెట్టుకుంటా. సంఖ్య రావాల్సిన చోట మైనస్ వస్తే అది రుణ గుర్తు, గుర్తు రావాల్సిన చోట వస్తే తీసివేత, సంఖ్య రావాల్సిన చోట మూసే బ్రాకెట్ వస్తే తప్పు, అదీ ఎన్నో అక్షరం దగ్గరో యూజర్‌కి చెప్పొచ్చు. లెక్కకి కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1961లో రాసిన షంటింగ్ యార్డ్ పద్ధతి చాలు: సంఖ్యలకో స్టాక్ (చివర పెట్టింది ముందు తీసే దొంతర), గుర్తులకో స్టాక్. ఎక్కువమంది తప్పు చేసేది ఒక్కచోటే, 8-3-2 లో రెండో మైనస్ వచ్చినప్పుడు స్టాక్ పైన ఉన్న మైనస్‌ది కూడా అదే ప్రాధాన్యం, సమానమైనా సరే ముందున్నదాన్ని తీసి లెక్కేయాలి, లేకపోతే 3 రావాల్సింది 7 వస్తుంది.

అపోహ: చెకింగ్ పాసైతే ఇక ఎర్రర్ రాదు.

వాస్తవం: 10/(5-5) రాతలో ఏ తప్పూ లేదు, కానీ భాగించేది సున్నాతో అని లెక్కేస్తేగానీ తెలీదు.

అపోహ: గణితం ఒకటే కాబట్టి ఆన్సర్ ఎక్కడైనా ఒకటే.

వాస్తవం: మైనస్ 2 స్క్వేర్ అంటే -2^2 ఎక్సెల్‌లో 4, పైథాన్‌లో -2**2 రాస్తే -4, జావాస్క్రిప్ట్ అయితే బ్రాకెట్ పెట్టకుండా దాన్ని ఒప్పుకోదు, సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. నాకు జావాస్క్రిప్ట్ పద్ధతే నచ్చుతుంది, అర్థం రెండు రకాలుగా ఉన్నప్పుడు ఊహించడం కంటే యూజర్‌నే అడగడం మేలు కదా.