జపాన్ మూడు చక్రాల బండ్లు: అపోహలు - వాస్తవాలు

పాత జపాన్ బండ్లు విప్పి బాగుచేయడం నా పని. దైహత్సు కంపెనీ చేసిన మూడు చక్రాల చిన్న సరుకు బండి మిడ్జెట్‌ని చూసిన మనవాళ్లు ముందు అడిగేది ఒకటే: "మన ఆటోకి తాత ఇదేనా?"

అపోహ: మన ఆటో జపాన్ నుంచి వచ్చింది.
కాదండీ. మనది ఇటలీ వంశం. 1948లో అక్కడి పియాజియో కంపెనీ తెచ్చిన 'ఆపే' అనే మూడు చక్రాల బండి, బజాజ్ చేతుల మీదుగా మన వీధుల్లోకి వచ్చింది. మిడ్జెట్ వారసుల్ని చూడాలంటే థాయ్‌లాండ్ వెళ్లాలి, అక్కడి టుక్‌టుక్‌లో కనిపిస్తారు.

అపోహ: యుద్ధంలో చితికిపోయి, డబ్బుల్లేక నాలుగో చక్రం మానేశారు.
యుద్ధానికి ముందే, 1931లోనే, హిరోషిమాలోని టోయో కోగ్యో (నేటి మాజ్దా) 'మాజ్దా-గో' అనే మూడు చక్రాల బండి తయారుచేసింది. 1945 ఆగస్టులో బాంబు పడింది. ఫ్యాక్టరీ ఊరి నడిబొడ్డుకు దూరంగా ఉండటంతో నిలబడింది. ఆ డిసెంబరుకే మళ్లీ మూడు చక్రాల బండ్లు బయటికొచ్చాయి. ఈ సంగతి ఎవరికి చెప్పినా నాకు గొంతు పూడుకుపోతుంది.

అపోహ: అన్నీ స్కూటరంత బండ్లే.
1957 నాటి తొలి మిడ్జెట్ అలాంటిదే. 249 సీసీ టూ-స్ట్రోక్ ఇంజిన్, హ్యాండిల్ బారు, ఒక్కటే సీటు, కిక్ కొడితేనే స్టార్టు. 1959లో వచ్చిన మాజ్దా కే360లో స్టీరింగు గుండ్రం, 356 సీసీ వి-ట్విన్ (V ఆకారంలో రెండు సిలిండర్లు) ఇంజిన్ డ్రైవరు వీపు వెనకే. ఇక 1962 నాటి మాజ్దా టీ2000 పక్కన నిలబడి చూడాలి: దాదాపు ఆరు మీటర్ల పొడవు, నీళ్లతో చల్లబడే నాలుగు సిలిండర్ల ఇంజిన్, రెండు టన్నుల సరుకు మోసే సత్తా. ముందు చక్రం ఒక్కటే కాబట్టి అంత పొడవు బండీ ఇరుకు సందులో ఇట్టే తిరిగేది.

అపోహ: బోల్తా కొడుతున్నాయని నిషేధించారు.
బోల్తా భయం నిజమే, కారణం తెలిస్తే దాన్ని తప్పించుకోవచ్చు. మూడు చక్రాలు నేలకు ఆనే చోట్లు కలిపితే ముక్కోణం. దాని వెడల్పంతా వెనకే. మలుపులో గట్టిగా బ్రేకు తొక్కితే బరువు ముందుకు, అంటే సన్నటి మొన వైపు జరుగుతుంది. బండి పక్కకు ఒరిగేది అప్పుడే. సరుకు వెనక ఇరుసు మీద, కిందుగా పేర్చి, మలుపుకు ముందే వేగం తగ్గిస్తే బండి మాట వింటుంది. కుర్రాళ్లకు నేను మొదట నేర్పేది ఇదే.

ఈ బండ్లను వెనక్కి నెట్టింది ధర. 1954లో టయోటా తెచ్చిన నాలుగు చక్రాల చిన్న ట్రక్కు (తర్వాత 'టయోఏస్' అయింది) రేటు తగ్గిస్తూ పోయేసరికి, పెద్ద మూడు చక్రాల బండి కొనేవాడికి మిగిలేదేమీ లేకపోయింది. నిషేధమే ఉంటే మిడ్జెట్ 1972 దాకా, టీ2000 1974 దాకా తయారయ్యేవా?