ప్యూర్ ఫంక్షనల్ భాషలో గ్లోబల్ స్టేట్: అపోహలు - వాస్తవాలు

హాస్కెల్ అనే ప్యూర్ ఫంక్షనల్ భాష నేర్చుకుంటున్నవాళ్లు చిన్న చిన్న లెక్కలు దాటి ఒక సర్వర్ రాయబోయేసరికి దాదాపు అందరూ ఒకే ప్రశ్న దగ్గర ఆగుతారు: "ప్రోగ్రామ్ మొత్తానికీ కనిపించే కౌంటర్ ఒకటి కావాలి, ఎక్కడ పెట్టాలి?" ఎవరిని అడిగినా రెండు రకాల జవాబులే ఎక్కువగా వస్తాయి. ప్యూర్ భాషలో అలాంటివి ఉండవన్నది ఒకటి. కాపీ చేసి అతికించుకోమని ఇచ్చే మూడు లైన్ల కోడ్ రెండోది. మొదటిది తప్పు. రెండోది కొన్ని షరతులకు లోబడి మాత్రమే పనిచేస్తుంది, ఆ షరతులను మాత్రం ఎవరూ చెప్పరు.

నిజానికి ఆ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. విలువ మారడం ఒకటి. ఆ మారే విలువను ఏ మూల నుంచైనా పేరు పెట్టి అందుకోగలగడం ఇంకొకటి. మొదటిదానికి హాస్కెల్‌లో మంచి ఏర్పాట్లే ఉన్నాయి. చిక్కంతా రెండోదానితోనే.

అపోహ: ప్యూర్ భాషలో ఏదీ మారదు, కాబట్టి మారే స్టేట్ ఉండదు.

ఉంటుంది. ఐఓరెఫ్ అంటే మెమరీలో ఒక గడి. అందులోది చదవొచ్చు, కొత్తది రాయొచ్చు. ప్యూర్ అన్న మాట చెప్పేది వేరే సంగతి: ఒక ఫంక్షన్ ఆ గడిని ముట్టుకుంటే ఆ విషయం దాని టైప్‌లో కనబడాలి. పూర్ణాంకం తీసుకుని పూర్ణాంకం ఇచ్చే ఫంక్షన్ గడిని చదవలేదు. చదవాలంటే దాని ఫలితం ఐఓలో, అంటే బయటి ప్రపంచాన్ని ముట్టుకునే పనుల టైప్‌లో, ఉండాలి.

ఈ ఏర్పాటు మొదటి రోజు నుంచీ ఉన్నది కాదు. 1990లో వచ్చిన తొలి హాస్కెల్ నివేదికలో ఇన్‌పుట్, అవుట్‌పుట్ అంతా స్ట్రీమ్‌లతో, కంటిన్యుయేషన్లతో నడిచేది. రాయడానికి అది చాలా ఇబ్బందిగా ఉండేది. యూజీనియో మోగి మొనాడ్ల (పనుల్ని ఒకదాని తర్వాత ఒకటిగా కలిపే పద్ధతి) మీద చేసిన సిద్ధాంత పరిశోధనను ఫిలిప్ వాడ్లర్ ప్రోగ్రామింగ్‌లోకి తెచ్చారు. 1993లో సైమన్ పేటన్ జోన్స్, వాడ్లర్ కలిసి ఐఓను మొనాడ్‌గా ఎలా కట్టాలో చూపించారు. 1996 నాటి హాస్కెల్ 1.3తో అది భాషలో భాగమైంది.

1994లో వచ్చిన ఎస్‌టీ మొనాడ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. లోపల గడుల్ని ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు, బయటికి మాత్రం అది ప్యూర్ ఫంక్షన్. ఆ గడి తన లెక్క దాటి బయటికి పోకుండా టైప్ సిస్టమే కాపలా కాస్తుంది. ప్యూర్ భాషకు మార్పుతో వైరం ఉందనుకునేవాళ్లు అన్నిటికంటే ముందు దీన్ని చూడాలి. మార్పు ఎంత ఉన్నా ఫర్వాలేదు, దాని హద్దు తెలియాలి, అంతే.

అపోహ: ఫైల్ పైభాగంలో "కౌంటర్ = న్యూఐఓరెఫ్ 0" అని రాస్తే గ్లోబల్ కౌంటర్ వచ్చినట్టే.

కంపైలర్ దీన్ని ఒప్పుకుంటుంది, ప్రోగ్రామ్ నడుస్తుంది, కౌంటర్ మాత్రం ఎప్పటికీ ఒకటి దాటదు. ఎందుకంటే కౌంటర్ అనే పేరు గడికి కాదు, "కొత్త గడి తయారుచేయి" అనే పనికి. ఆ పనిని ఎన్నిసార్లు నడిపితే అన్ని కొత్త గడులు పుడతాయి. ఒక చోట పెంచిన గడి వేరు, ఇంకో చోట చదివిన గడి వేరు. గడిని ఒక్కసారే, సాధారణంగా మెయిన్‌లో, తయారుచేసి అవసరమైన వాళ్లకు అందించాలి.

అపోహ: అన్‌సేఫ్‌పర్ఫామ్‌ఐఓ రాసి, పైన నోఇన్‌లైన్ ప్రాగ్మా (కంపైలర్‌కు ఇచ్చే సూచన) పెడితే చాలు. అందరూ చేసేదే.

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ముందు చెప్పిన మూడు లైన్ల కోడ్ ఇదే. అన్‌సేఫ్‌పర్ఫామ్‌ఐఓ అనేది ఐఓ పనిని నడిపి, ఫలితాన్ని మామూలు విలువలా చేతికిస్తుంది. టాప్ లెవెల్‌లో రాసిన విలువ మొదటిసారి అవసరమైనప్పుడు ఒక్కసారే లెక్కకు వస్తుంది కాబట్టి గడి ఒకటే పుడుతుందని ఆశ. ఆ ఆశను నిలబెట్టే బాధ్యత కంపైలర్‌ది కాదు, మనది.

హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ దృష్టిలో పేరు, దాని నిర్వచనం ఒకదాని బదులు ఒకటి వాడదగినవి. ప్యూర్ కోడ్‌కు అది సరైన లెక్కే. అందుకని పేరు కనబడిన ప్రతిచోటా నిర్వచనాన్ని తెచ్చి పెట్టే హక్కు దానికి ఉంది. అలా పెడితే ఒక గడి బదులు నాలుగు గడులు. నోఇన్‌లైన్ ఆపేది దీన్ని. కానీ దీన్ని మాత్రమే.

దీనికి ఎదురు దిశలో జరిగేది కూడా ఉంది. వచ్చిన రిక్వెస్టులకు ఒక కౌంటర్, విఫలమైన రిక్వెస్టులకు ఇంకో కౌంటర్ పెట్టారనుకోండి. రెండు నిర్వచనాలూ అక్షరాలా ఒకటే: సున్నాతో కొత్త గడి. రెండూ ఒకే లెక్క కదా, ఒక్కసారి చేస్తే చాలునని కంపైలర్ రెంటినీ కలిపేయవచ్చు. అప్పుడు రెండు కౌంటర్లూ ఒకే గడిని పెంచుతాయి. అందుకే అన్‌సేఫ్‌పర్ఫామ్‌ఐఓ డాక్యుమెంటేషన్‌లోనే ఆ ఫైల్‌కు సీఎస్ఈ (ఒకేలా ఉన్న లెక్కల్ని కలిపేసే) ఆప్టిమైజేషన్ ఆపమని రాసి ఉంటుంది. నోఇన్‌లైన్ గురించి చెప్పేవాళ్లలో ఈ రెండో సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

అన్నిటికంటే ప్రమాదం టైపులతో. ఖాళీ జాబితాతో గడి తయారుచేసి టైప్ రాయకుండా వదిలేస్తే, దానికి "ఏ టైప్ జాబితా అయినా" అనే టైప్ వస్తుంది. ఇక అందులో అంకెలు రాసి, ఫంక్షన్లుగా చదువుకోవచ్చు. కంపైలర్ ఒక్క మాట అనదు, ప్రోగ్రామ్ కుప్పకూలుతుంది. హాస్కెల్‌లో కోడ్ కంపైల్ అయితే టైప్ తప్పులు ఉండవన్న నమ్మకం ఈ ఒక్క లైన్‌తో పోతుంది. ఎమ్ఎల్ కుటుంబ భాషలు ఇదే గుంటను పూడ్చడానికి వాల్యూ రెస్ట్రిక్షన్ అనే నియమం పెట్టుకున్నాయి. హాస్కెల్‌కు అలాంటిది అవసరం పడలేదు, ఎందుకంటే మామూలు దారిలో గడి పుట్టేది ఐఓలోనే. అన్‌సేఫ్ దారి పట్టినవాళ్లు టైప్‌ను స్పష్టంగా, ఏ టైప్ వేరియబులూ లేకుండా రాసి తీరాలి.

మరి ఇది ఎప్పుడూ వాడకూడదా? అలా చెప్పను. హాస్కెల్‌లో స్క్రీన్ మీదికి ఒక లైన్ రాసిన ప్రతిసారీ మీరు గ్లోబల్ స్టేట్ వాడుతున్నట్టే. జీహెచ్‌సీ బేస్ లైబ్రరీలో స్టాండర్డ్ అవుట్‌పుట్ హ్యాండిల్ సరిగ్గా ఇలాగే, అన్‌సేఫ్‌పర్ఫామ్‌ఐఓ, నోఇన్‌లైన్‌లతో కట్టినదే. లోపల మారే బఫర్ ఉంది. ర్యాండమ్ లైబ్రరీలో గ్లోబల్ జనరేటర్ కూడా అంతే. ఎస్‌టీఎమ్‌లో (థ్రెడ్లు పంచుకునే గడుల్ని లావాదేవీలుగా మార్చే ఏర్పాటు, దాని సంగతి తర్వాత) టీవార్ అనే గడిని నేరుగా ఐఓలో తయారుచేసే ఫంక్షన్ ఒకటి ప్రత్యేకంగా ఉండటానికి డాక్యుమెంటేషన్ చెప్పే కారణం కూడా టాప్ లెవెల్ టీవార్లే. అన్‌సేఫ్‌పర్ఫామ్‌ఐఓ లోపల ఎస్‌టీఎమ్ లావాదేవీ నడపడం కుదరదు కాబట్టి ఆ ఫంక్షన్ కావాల్సి వచ్చింది.

వీటిని గమనించండి. ఒక ప్రాసెస్‌కు స్టాండర్డ్ అవుట్‌పుట్ ఒకటే ఉంటుంది. అది ప్రపంచంలోనే ఒకటి కాబట్టి ప్రోగ్రామ్‌లోనూ ఒకటి. మీ సెషన్ క్యాష్, మీ డేటాబేస్ కనెక్షన్ పూల్ అలాంటివి కావు. ఈరోజు ఒకటే ఉన్నాయి, అంతే. రేపు టెస్టుల్లో రెండు కావాలి, ఎల్లుండి రెండో డేటాబేస్ వస్తుంది. అప్లికేషన్ కోడ్‌లో అన్‌సేఫ్ గ్లోబల్ కనబడితే నేను రివ్యూలో వెనక్కి పంపుతాను. లైబ్రరీ అయితే ముందు కారణం అడుగుతాను.

ఇంకో సంగతి. "ప్రోగ్రామ్ మొత్తానికీ ఒకటే" అన్న మాట కూడా పూర్తిగా నిలవదు. జీహెచ్‌సీ ఇంటరాక్టివ్ రూపమైన జీహెచ్‌సీఐలో కోడ్ రీలోడ్ చేస్తే ఆ గడి పోయి కొత్తది వస్తుంది. ఒకే లైబ్రరీ రెండు ప్రతులుగా ప్రాసెస్‌లోకి లోడ్ అయితే గడులూ రెండవుతాయి. ఈ ఇబ్బంది ఎంత నిజమంటే, కొన్ని విలువలు అన్ని ప్రతులకూ ఉమ్మడిగా ఉండేలా చూడటానికి జీహెచ్‌సీ రన్‌టైమ్‌లో సీ భాషలో విడిగా ఒక ఫైలే ఉంది.

అపోహ: స్టేట్ మొనాడ్ వాడితే ఈ గొడవంతా పోతుంది.

స్టేట్ మొనాడ్ మంచిదే, కానీ అది గడి కాదు. పాత స్టేట్ తీసుకుని ఫలితంతో పాటు కొత్త స్టేట్ ఇచ్చే ఫంక్షన్ అది. ఒకే వరసలో సాగే లెక్కకు, అంటే పార్సర్‌కో చిన్న ఇంటర్‌ప్రెటర్‌కో, చక్కగా సరిపోతుంది. సర్వర్‌లో మాత్రం ఐఓ మీద స్టేట్‌టీ (స్టేట్ మొనాడ్‌ను ఇంకో మొనాడ్ మీద పొరలా వేసే రూపం) వేస్తే రెండు దెబ్బలు తగులుతాయి. మధ్యలో ఎక్సెప్షన్ వచ్చి, దాన్ని బయట పట్టుకుంటే, అప్పటిదాకా చేసిన మార్పులన్నీ పోతాయి. కొత్త థ్రెడ్ మొదలుపెడితే దానికి స్టేట్ ప్రతి ఒకటి వెళ్తుంది, అది చేసిన మార్పులు తిరిగి రావు. ఐఓ ఫంక్షన్లను ఇలాంటి పొరల్లో నడిపే అన్‌లిఫ్ట్‌ఐఓ లైబ్రరీ రీడర్‌టీని (మారని విలువను అన్ని ఫంక్షన్లకూ అందించే పొర) ఒప్పుకుని స్టేట్‌టీని ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

అపోహ: గ్లోబల్ వద్దంటే ప్రతి ఫంక్షన్‌కూ పది పారామీటర్లు మోయాలి.

అక్కర్లేదు. మెయిన్‌లో గడులన్నీ తయారుచేసి ఒకే రికార్డులో పెట్టండి: కౌంటర్, క్యాష్, పూల్, లాగర్, కాన్ఫిగరేషన్. ఆ రికార్డును రీడర్‌టీ ద్వారా కిందికి పంపండి. రీడర్ మోసేది మారని రికార్డు, మారేది దాని లోపలి గడి. ఎక్సెప్షన్ వచ్చినా గడిలోది గడిలోనే ఉంటుంది. పది థ్రెడ్లు నడిచినా అందరి దగ్గరా ఉన్నది అదే గడి. పైన స్టేట్‌టీకి చెప్పిన రెండు దెబ్బలూ దీనికి తగలవు.

దీనివల్ల అసలు లాభం టెస్టుల్లో తెలుస్తుంది. ప్రతి టెస్టూ తనకొక రికార్డు తయారుచేసుకుంటుంది. టెస్టులన్నీ ఒకేసారి నడిపినా ఒకదాని క్యాష్ ఇంకోదానికి అంటదు. గ్లోబల్ గడి ఉన్న ప్రాజెక్టుల్లో విడిగా నడిపితే నెగ్గి, కలిపి నడిపితే ఓడే టెస్టులు పెట్టే టెన్షన్ అనుభవించినవాళ్లకు దీని విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు.

రికార్డు పెరిగి పెద్దదైపోతుందన్న ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. లాగర్ ఒక్కటే కావలసిన ఫంక్షన్‌కు పూల్‌ను కూడా అందిస్తే, ఏది దేన్ని వాడుతోందో టైప్ చూసి చెప్పలేం. అప్పుడు "లాగర్ ఉన్న ఏ రికార్డైనా సరే" అని టైప్ క్లాస్‌తో అడగొచ్చు. లేదా ఆ ఒక్క గడినే పారామీటర్‌గా ఇవ్వొచ్చు. రెండు, మూడు ఫంక్షన్ల లోతు వరకూ నేను మామూలు పారామీటరే ఇష్టపడతాను. చదివేవాళ్లకు అంతకన్నా స్పష్టమైనది లేదు.

అపోహ: ప్యూర్ భాష కాబట్టి థ్రెడ్ల మధ్య రేస్ రాదు.

మారని విలువల మధ్య రాదు. ఐఓరెఫ్ మీద తప్పకుండా వస్తుంది. మాడిఫైఐఓరెఫ్ అంటే చదవడం, మార్చడం, రాయడం. ఈ మధ్యలో ఇంకో థ్రెడ్ దూరితే ఒక పెంపు మాయమవుతుంది. ఒకే గడి అయితే అటామిక్‌మాడిఫైఐఓరెఫ్ సరిపోతుంది. రెండు గడులు కలిసి మారాలంటే ఐఓరెఫ్‌తో కుదరదు. ఆ రెంటినీ ఒకే గడిలో పెట్టాలి, లేదంటే ఎమ్‌వార్‌కో ఎస్‌టీఎమ్‌కో మారాలి.

ఎమ్‌వార్ 1996 నాటి కంకరెంట్ హాస్కెల్‌తో వచ్చింది. అది నిండుగా ఉండొచ్చు, ఖాళీగా ఉండొచ్చు. ఖాళీగా ఉంటే తీసుకోబోయిన థ్రెడ్ ఆగుతుంది. తాళంలా వాడుకోవచ్చు కాబట్టి తాళాల బాధలూ ఉంటాయి: రెండు ఎమ్‌వార్లను రెండు థ్రెడ్లు రెండు వరసల్లో తీసుకుంటే రెండూ ఇరుక్కుంటాయి.

2005లో టిమ్ హారిస్, సైమన్ మార్లో, పేటన్ జోన్స్, మారిస్ హెర్లిహీ చూపించిన ఎస్‌టీఎమ్ ఈ బాధను తప్పిస్తుంది. పూల్‌లో ఖాళీ కనెక్షన్ల జాబితా ఒక టీవార్, వాడుకలో ఉన్నవాటి సంఖ్య ఇంకో టీవార్ అనుకోండి. రెంటినీ ఒకే లావాదేవీలో మారిస్తే, బయటివాళ్లకు మధ్యస్థితి ఎప్పుడూ కనబడదు. జాబితా ఖాళీగా ఉంటే రీట్రై అంటే చాలు, చదివిన టీవార్లలో ఏదో ఒకటి మారేదాకా థ్రెడ్ నిద్రపోతుంది. లావాదేవీ మళ్లీ మొదటి నుంచి నడవాల్సి రావచ్చు కాబట్టి దాని లోపల మెయిల్ పంపడం, ఫైల్ రాయడం లాంటివి ఉండకూడదు. ఆ నియమాన్ని మనం గుర్తుపెట్టుకోనక్కర్లేదు, టైపే ఒప్పుకోదు. ప్యూర్ భాషలో రాయడం వల్ల స్టేట్ నిర్వహణ సులువైన చోటు ఏదని అడిగితే నేను మొదట చూపించేది ఇదే. పొడుగాటి లావాదేవీలు మాత్రం రాయకండి. చిన్నవి వరసగా వచ్చి ముందు ముగుస్తుంటే, పెద్దది పదే పదే మొదటికి వస్తుంది.

అపోహ: కౌంటర్ అంటే ఒక అంకె, మెమరీ ఎంత తింటుంది?

అవసరం పడేదాకా లెక్క చేయని లేజీ భాషలో చాలానే తినొచ్చు. మామూలు మాడిఫైఐఓరెఫ్ కూడికను చేయదు, "కూడాలి" అని రాసిపెడుతుంది. లక్షసార్లు పెంచి ఒక్కసారీ చదవకపోతే గడిలో ఉండేది అంకె కాదు, లక్ష కూడికల గొలుసు. పేరు చివర ప్రైమ్ గుర్తు ఉన్న రూపాలు వెంటనే లెక్క తేలుస్తాయి. అయితే అవి పై పొర వరకే తేలుస్తాయి. గడిలో ఉన్నది రెండు కౌంటర్ల జంట అయితే జంట తయారవుతుంది, లోపలి కూడికలు అలాగే పేరుకుంటాయి. అలాంటి చోట స్ట్రిక్ట్ (వెంటనే లెక్క తేల్చే) ఫీల్డులున్న రికార్డు పెట్టుకోవాలి.

అపోహ: ప్యూర్ భాషలన్నిటిలో పద్ధతి ఇదే.

కాదు. ఎల్మ్‌లో ఐఓరెఫ్ లాంటిది మీ చేతికే రాదు. ప్రోగ్రామ్ స్టేట్ మొత్తం మోడల్ అనే ఒకే విలువ, దాన్ని దాచి ఉంచేది రన్‌టైమ్, మీరు రాసేది పాత మోడల్ నుంచి కొత్త మోడల్ ఇచ్చే ఫంక్షన్. క్లీన్ భాషది యునీక్‌నెస్ టైపుల దారి. ఒక విలువను పట్టుకున్నవాళ్లు ఒక్కరేనని టైప్ హామీ ఇస్తే, దాన్ని ఉన్నచోటే మార్చినా ఎవరికీ తేడా తెలియదు.

అపోహ: పాత ప్రాజెక్టులో అన్‌సేఫ్ గ్లోబల్స్ నిండిపోయి ఉంటే మొత్తం తిరగరాయాలి.

ఒక్కో గడినీ విడిగా బయటికి తీయొచ్చు. ముందు ఆ గడి ఉన్న మాడ్యూల్ దాన్ని నేరుగా ఎగుమతి చేయకుండా ఆపండి. చదివే ఫంక్షన్, మార్చే ఫంక్షన్ మాత్రమే బయటికి ఇవ్వండి. తర్వాత ఆ రెంటికీ గడిని పారామీటర్‌గా చేర్చండి. ఇక దారి కంపైలరే చూపిస్తుంది, ఎందుకంటే తప్పు చూపించిన ప్రతి చోటూ ఆ గడి మీద ఆధారపడిన చోటే. ఇంకా మార్చని చోట్ల తాత్కాలికంగా పాత గ్లోబల్‌నే పారామీటర్‌గా ఇచ్చి ముందుకు సాగొచ్చు. మొదట కాన్ఫిగరేషన్‌తో మొదలుపెట్టండి. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు ఒకసారి చదివి ఆ తర్వాత ఎవరూ మార్చని విలువను ఐఓరెఫ్‌లో పెట్టిన కోడ్ చాలా ఉంటుంది. దానికి గడే అక్కర్లేదు, మామూలు రికార్డు చాలు.