ఫోన్‌లో డబ్బు పారుతోంది, పెట్టుబడి మాత్రం పుట్టడం లేదు: కెన్యా చిరువ్యాపారం వెనుక కథ

నైరోబీలో కూరగాయల బడ్డీ దగ్గర చిల్లర గొడవ లేదు. బల్లకు అంటించిన టిల్ నంబరుకు ఫోన్ నుంచి డబ్బు కొట్టి, వచ్చిన మెసేజ్ చూపించి వెళ్లిపోతారు. అదే బడ్డీ నడిపే మహిళ రెండో కొట్టు పెట్టాలంటే మాత్రం రెండేళ్ల గడువుతో అప్పు పుట్టడం కష్టం. ఈ చిక్కు ఆ ఫోన్ చెల్లింపుల సేవ ఎంపెసాతో పాటే పుట్టింది. (స్వాహిలీలో పెసా అంటే డబ్బు. సముద్రం దాటిన మన పైసాయే అది.)

ఎంపెసా మొదట అప్పుల కోసమే పుట్టింది. 2005లో వొడాఫోన్, కెన్యా ఫోన్ సంస్థ సఫారీకామ్ కలిసి బ్రిటన్ ప్రభుత్వ సాయంతో థికా, నైరోబీల్లో ప్రయోగం మొదలుపెట్టాయి. ఫౌలు అనే సూక్ష్మరుణ సంస్థ దగ్గర అప్పు తీసుకున్నవాళ్లు వాయిదాలు ఫోన్‌లోనే కట్టాలన్నది ఆలోచన. అది పొసగలేదు. ఆ అప్పులకు గుంపే హామీ. అందరూ ఒకచోట కూర్చుని, ఒకరి ముందు ఒకరు కట్టడమే వసూలుకు ఆయువుపట్టు. ఇంటి నుంచే కట్టేస్తే సమావేశానికి ఎవరొస్తారు? పైగా ఫోన్ లెక్కలను సంస్థ పద్దులతో సరిచూడటం తలనొప్పి అయింది. ఈలోగా జనం ఆ ఖాతాలతో ఒకరికొకరు డబ్బు పంపుకోసాగారు. దాంతో 2007 మార్చిలో దేశమంతటా ప్రారంభించినప్పుడు ప్రచారమంతా ఇంటికి డబ్బు పంపడం మీదే నడిచింది. అప్పు సంగతి పక్కకు పోయింది.

దీన్ని మోసింది నోట్లు తీసుకుని ఫోన్ ఖాతాలో డబ్బు వేసే, ఫోన్ డబ్బుకు నోట్లిచ్చే వీధి ఏజెంట్లు. ఏజెంటు పెట్టుబడి రెండు రూపాల్లో ఉంటుంది: గల్లాలో నోట్లు, ఫోన్‌లో ఫ్లోట్ (అంటే ఏజెంటు ఖాతాలోని ఫోన్ డబ్బు). లక్ష షిల్లింగులతో మొదలుపెట్టి చెరిసగం ఉంచాడనుకుందాం. పదిమంది వచ్చి తలా 5,000 జమ చేస్తే ఫ్లోట్ సున్నా, గల్లాలో లక్ష. పదకొండో మనిషిని వెనక్కి పంపాల్సిందే, లేదా కొట్టు మూసి బ్యాంకుకు పరుగెత్తాలి. పట్నంలో జమలెక్కువ కాబట్టి ఫ్లోట్ అయిపోతుంది. పల్లెలో తీసుకునేవాళ్లే ఎక్కువ, అక్కడ నోట్లు అయిపోతాయి. మూలధనం అంతే ఉన్నా అది తప్పు రూపంలో ఇరుక్కుపోవడమే అసలు నష్టం.

మేలు జరగలేదని కాదు. ఆర్థికవేత్తలు తవ్‌నీత్ సూరి, విలియం జాక్ 2016లో ప్రచురించిన పరిశోధన లెక్కన ఎంపెసా వల్ల 1,94,000 కుటుంబాలు కటిక పేదరికం నుంచి బయటపడ్డాయి. 1,85,000 మంది మహిళలు సేద్యం నుంచి వ్యాపారంలోకి మారారు. చిక్కు ఆ తర్వాతి మెట్టు దగ్గర ఉంది.

2012 నవంబరులో ఎంపెసా ఖాతాలోనే చిన్న అప్పులిచ్చే ఎం-శ్వారి సేవతో అప్పు తిరిగొచ్చింది, ఈసారి గుంపు లేకుండా. అప్పట్లో గడువు 30 రోజులు, రుసుము 7.5 శాతం. 5,000 తీసుకుంటే 5,375 కట్టాలి. నెలలో తీర్చకపోతే మళ్లీ 7.5 శాతం. తెల్లవారుజామున టమాటా కొని సాయంత్రానికి అమ్మేసే మనిషికి ఇది గిట్టుబాటే, ఆమె సరుకు రోజూ డబ్బవుతుంది. వెల్డింగ్ యంత్రం కొనేవాడికి ఆ డబ్బు వెనక్కి రావడానికి ఏడాది పైనే పడుతుంది. నెల గడువు అప్పుతో యంత్రం కొంటే రెండో నెలలోనే తడబాటు మొదలవుతుంది.

2016లో ప్రభుత్వం బ్యాంకు వడ్డీలకు పరిమితి పెట్టింది. ఆ రేటుకు చిరువ్యాపారికి ఇవ్వడం కన్నా ప్రభుత్వ బాండ్లు కొనడమే మేలని బ్యాంకులు చెయ్యి ముడుచుకున్నాయి. అవసరంలో ఉన్నవాళ్లను లోన్ యాప్‌లు అందుకున్నాయి. 2019 నవంబరులో పరిమితి ఎత్తేసేనాటికి ఆ అలవాటు ముదిరింది. బాకీదారు ఫోన్‌లోని నంబర్లన్నిటికీ కాల్ చేసి పరువు తీయడం తెలుగువాళ్లకూ తెలిసిన బాధే. కెన్యా కేంద్ర బ్యాంకు 2022 మార్చి నిబంధనలతో ఈ యాప్ సంస్థలకు లైసెన్సు తప్పనిసరి చేసి, అలాంటి వేధింపులను నిషేధించింది.

అదే ఏడాది నవంబరు 30న మొదలైన ప్రభుత్వ రుణ పథకం హస్లర్ ఫండ్ వడ్డీని ఏడాదికి 8 శాతానికి దించింది. రేటు మంచిదే, కానీ వ్యక్తిగత అప్పుకు గడువు 14 రోజులే. అప్పు ఇచ్చేటప్పుడే 5 శాతం పొదుపు కింద పట్టుకుంటారు. రేటు మీద పెట్టిన శ్రద్ధ గడువు మీద పెట్టకపోవడం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

అందుకే యంత్రం కావాల్సినవాళ్లు ఇప్పటికీ మన చీటీల్లాంటి చామాలకు, సాకో అనే పొదుపు సహకార సంఘాలకు పోతున్నారు. సాకోలో సాధారణంగా పొదుపుకు మూడు రెట్లదాకా, కొన్నేళ్ల గడువుతో ఇస్తారు. కాకపోతే ముందు నెలల తరబడి పొదుపు చేయాలి, హామీ సంతకానికి తోటి సభ్యులు దొరకాలి. 2005లో ఫోన్ దాటేయాలని చూసిన గుంపు హామీయే మళ్లీ అడ్డుగానూ, ఆసరాగానూ నిలబడింది.