అమ్మనంతవరకు నష్టం కాదట!

మీ దగ్గర రెండు షేర్లు ఉన్నాయనుకోండి. రెండూ వందకే కొన్నారు. ఇవాళ ఒకటి నూట ముప్ఫై, ఇంకోటి డెబ్బై. అర్జెంటుగా డబ్బు కావాలి, ఏదో ఒకటి అమ్మక తప్పదు. ఏది అమ్ముతారు?

చాలామంది చెయ్యి నూట ముప్ఫై మీదికే పోతుంది. నాదీ అంతే. చేతికొచ్చిన లాభం చాలనుకుంటాం. డెబ్బైకి పడినదాన్ని మాత్రం "వందకి రానీ, అప్పుడు చూద్దాం" అని అట్టేపెడతాం. అడిగినవాళ్లకి చెప్పడానికి ఒక మాట కూడా సిద్ధంగా ఉంటుంది: అమ్మనంతవరకు నష్టం కాదు కదా! నిజానికి ఆ వంద అన్న అంకె మన బుర్రలోనూ మన ఖాతాలోనూ తప్ప ఇంకెక్కడా లేదు. మనం ఎంతకు కొన్నామో మార్కెట్‌కి తెలియదు, తెలిసినా పట్టదు.

ఈ అలవాటుకి 1985లో హెర్ష్ షెఫ్రిన్, మెయర్ స్టాట్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు డిస్పొజిషన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత టెరెన్స్ ఓడీన్ అనే ఇంకో పరిశోధకుడు అమెరికాలో ఒక బ్రోకరేజీ సంస్థ నుంచి 10,000 ఖాతాల వివరాలు తీసుకుని, 1987 నుంచి 1993 వరకు ఎవరు ఏది అమ్మారో లెక్కగట్టారు. లాభంలో ఉన్న షేరు అమ్ముడయ్యే అవకాశం, నష్టంలో ఉన్నదానికంటే దాదాపు యాభై శాతం ఎక్కువని తేలింది. పోనీ, పడినవి మళ్లీ లేస్తాయన్న ఆశైనా ఫలించిందా అంటే అదీ లేదు. వదిలేసుకున్న లాభాల షేర్లే ఆ తర్వాతి ఏడాదిలో, పట్టుకుని కూర్చున్న నష్టాల షేర్లకంటే సగటున 3.4 శాతం పాయింట్లు ఎక్కువ రాబడి ఇచ్చాయి.

ఎందుకిలా అంటే అందరూ చెప్పే జవాబు మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో రాసింది. వంద వచ్చిన సంతోషం కంటే వంద పోయిన బాధ పెద్దది. బొమ్మ పడితే వంద పోతుంది, బొరుసు పడితే నూట పది వస్తుంది అంటే ఎక్కువమంది ఆటకే రారు. రెండు వందల దాకా ఇస్తామంటే అప్పుడు ఆలోచిస్తారు. ఇది నిజమే గానీ, కథ ఇక్కడితో అయిపోలేదని నాకనిపిస్తుంది.

ఓడీన్ లెక్కల్లోనే ఒక వింత ఉంది. ఏడాదంతా వదలని నష్టాల షేర్లను జనం డిసెంబరులో వదిలించుకున్నారు. అక్కడ నష్టం చూపిస్తే పన్ను తగ్గుతుంది, దానికి ఏడాది చివరే గడువు. సరే, అదే పన్ను మినహాయింపు మార్చిలో అమ్మినా వస్తుంది కదా! డిసెంబరులో దొరికేది ఒక మంచి సాకు. "తప్పు కొన్నాను" అననక్కర్లేదు, "పన్ను కోసం అమ్మాను" అంటే సరిపోతుంది.

మ్యూచువల్ ఫండ్ల దగ్గరికొస్తే ఇంకా విచిత్రం. 2016లో ముగ్గురు పరిశోధకులు చూపించిందేమిటంటే, ఫండ్లలో ఈ అలవాటు తిరగబడుతుంది. పడిపోయిన ఫండ్‌నే జనం ముందు అమ్మేస్తారు. షేరును ఎంచుకున్నది మనం, ఫండ్‌లో షేర్లను ఎంచుకున్నది మేనేజర్. అతన్ని తిట్టుకుని బయటపడొచ్చు. అంటే డబ్బు పోవడం ఒక్కటే కాదు, ఆ తప్పు మన మెడకి చుట్టుకోవడం కూడా బాధే.

తప్పు ఒప్పుకోవాల్సింది మనకి మనమే అయితే ఇంత కష్టం ఉండేది కాదేమో. చుట్టూ జనం ఉన్నారు. నలుగురు కలిసినచోట లాభం వచ్చినవాడు షేరు పేరుతో సహా చెప్తాడు, పోగొట్టుకున్నవాడు టాపిక్ మారుస్తాడు. వినేవాడికి మాత్రం లోకమంతా సంపాదిస్తున్నట్టే ఉంటుంది. ఇరుగుపొరుగుతో రాకపోకలున్న, చర్చికి వెళ్లే అమెరికా కుటుంబాలు షేర్ల జోలికి ఎక్కువగా వెళ్తాయని 2004లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. చదువు, ఆస్తి తేడాలు లెక్కలోకి తీసుకున్నాక కూడా అంతే.

1720లో లండన్‌లో సౌత్ సీ కంపెనీ షేరు ఎగబాకుతున్నప్పుడు ఐజాక్ న్యూటన్ మంచి లాభానికి అమ్మేశాడు. ధర ఇంకా పెరుగుతూనే ఉంది. మళ్లీ దూకాడు, అదీ శిఖరం దగ్గర. భారీగా పోగొట్టుకున్నాడు. గ్రహాల నడక లెక్కగట్టిన మనిషికి గుణకారం రాక కాదు. తను బయట నిలబడి ఉండగా మిగతావాళ్లు సంపాదించుకుంటుంటే చూడలేకపోయి ఉంటాడు. అతని కొలబద్ద కొన్న ధర కాదు, పక్కవాడి లాభం.

కొన్న ధర కొట్టొచ్చినట్టు కనపడకుండా చేస్తే ఈ జబ్బు కొంత తగ్గుతుందని కారీ ఫ్రిడ్‌మన్, ఆంటోనియో రాంజెల్ 2014లో ఒక ప్రయోగంలో చూపించారు. అది చదివి నేనూ ఫోన్‌లోని యాప్‌లో ఎరుపు, ఆకుపచ్చ అంకెలుండే ఆ కాలమ్‌ని దాచేశాను. ఒక్కో షేరు దగ్గర ఆగి, "ఇది నా దగ్గర లేకపోతే ఇవాళ ఈ ధరకి కొంటానా?" అని నన్ను నేనే అడిగాను. రెండింటికి కొననన్న జవాబే వచ్చింది. ఒకటి అమ్మాను. రెండోదాని మీద ఎంత పోతుందో ఒక్కసారి చూసి అమ్ముదామని ఆ కాలమ్‌ని మళ్లీ తెరిచాను. అది ఇంకా నా దగ్గరే ఉంది.