మీరు కట్టిన గుంతకల్లు స్టేషన్ గురించి

చిన్నోడికీ, వాడి ఫ్రెండ్స్ అందరికీ,

మైన్‌క్రాఫ్ట్ అనే బ్లాకుల కంప్యూటర్ ఆటలో మీరు కట్టిన గుంతకల్లు స్టేషన్ మొత్తం చూశాను. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలు, ప్లాట్‌ఫారానికి రాతి పలకలు, అచ్చం మన బేతంచెర్ల నాపరాళ్లు పరిచినట్టే ఉంది. చాలా సంతోషమేసింది నాయనా. అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది బండి ఆగే చోటు. అక్కడ పవర్డ్ రెయిల్ వేశారు కదా, రెడ్‌స్టోన్ పవర్, అంటే ఆ ఆటలోని కరెంటు, అందనంత సేపూ అది బ్రేకే, బటన్ నొక్కితేనే బండి కదులుతుంది, ఎవరూ ఏమీ చేయకపోతే ఆగే ఉంటుంది.

నిజం రైల్వే కూడా ఇలాగే ఆలోచిస్తుంది. పట్టాల్లో సన్నగా కరెంటు పారుతూ రిలే అనే స్విచ్‌ని పైకెత్తి పట్టుకుంటుంది. బండి ఎక్కగానే దాని చక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనూ కలిపేస్తాయి, కరెంటు రిలే దాకా పోదు, రిలే కింద పడుతుంది, సిగ్నల్ ఎర్రగా మారుతుంది. తీగ తెగినా ఎరుపే, బ్యాటరీ అయిపోయినా ఎరుపే. ఏది చెడిపోయినా బండి ఆగాలి, అంతే.

గుంతకల్లు పేరు పెట్టారు కాబట్టి ఇంకో మాట. ఒకప్పుడు అక్కడ రెండు గేజులుండేవి, బ్రాడ్ గేజ్ పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లు, మీటర్ గేజ్‌కి 1,000. ఈ బండి ఆ పట్టాల మీదికి పోలేదు, జనం మూటాముల్లె ఎత్తుకుని దిగి వేరే బండి ఎక్కాల్సిందే. మీకా బాధ లేదు.

మీకున్న ఇబ్బంది వేరే. గుంతకల్లుకీ మీ గుత్తికీ మధ్య ఉన్నది ఒకటే లైను. అటొకరు ఇటొకరు ఒకేసారి బటన్ నొక్కితే రెండు బండ్లూ మధ్యలో గుద్దుకుంటాయి. అసలు రైల్వేలో ఇలాంటి ఒంటి లైను మీద మామూలుగా అవతలి స్టేషన్ మాస్టర్ లైన్ క్లియర్, అంటే లైను ఖాళీగా ఉంది పంపమనే అనుమతి, ఇవ్వందే ఎక్స్‌ప్రెస్ అయినా గూడ్సు అయినా కదలదు, ఎందుకంటే రెండు స్టేషన్ల మధ్య ఒక లైను మీద ఒకసారికి ఒకే బండి ఉండాలి.

మీరూ చేయొచ్చు. రెండు స్టేషన్లలోనూ బండి బయలుదేరే పట్టాకి ఒకటి, వచ్చి ఆగే పట్టాకి వేరుగా ఒకటి డిటెక్టర్ రెయిల్ పెట్టండి. అది బండి తన మీద ఉన్నంతసేపే సిగ్నల్ ఇస్తుంది, దాటిపోగానే మర్చిపోతుంది, అందుకే గుర్తుపెట్టుకోవడానికి ఆ కరెంటు ఇచ్చే దివిటీలు, రెండు రెడ్‌స్టోన్ టార్చ్‌లతో లాచ్ కట్టాలి, ఒకటి వెలిగితే రెండోది ఆరిపోయేలా. బయలుదేరే బండి ‘ఖాళీ’ టార్చ్‌ని ఆర్పుతుంది, చేరిన బండి మళ్లీ వెలిగిస్తుంది. రైల్వేలో ఈ పని యాక్సిల్ కౌంటర్ చేస్తుంది, లోపలికి వెళ్లిన ఇరుసులన్నీ బయటికి వచ్చాయని లెక్క తేలేదాకా లైను ఖాళీ అనదు.

ఆ ‘ఖాళీ’ టార్చ్ వెలుగుతుంటేనే రెండు వైపులా బటన్ పని చేయాలి, తిరగేసి కట్టొద్దు. ఇలా కడితే బటన్‌కి పోయే తీగ ఎక్కడైనా తెగినా బటన్ పని చేయదు, బండి ప్లాట్‌ఫారం దాటదు. ధోన్ వైపు కొత్త లైను తర్వాత వేద్దురు, ముందు ఇది కట్టి, ఒకరి బండి బయలుదేరాక అవతలివాళ్లు బటన్ నొక్కి చూసి నాకు ఫోన్ చేయండి.

మీ తాత