ఇంద్రకీలాద్రి రాళ్లు ఎందుకు జారుతున్నాయి

2020 అక్టోబరు 21. దసరా నవరాత్రులలో మూలా నక్షత్రం, అమ్మవారు సరస్వతీదేవిగా దర్శనమిచ్చే రోజు. ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు సమర్పించడానికి వచ్చే కొన్ని గంటల ముందు ఇంద్రకీలాద్రి మీద కొండచరియలు విరిగిపడ్డాయి. ఆ తర్వాత విజయవాడలో ఎక్కడ నలుగురు కూడినా అదే మాట: అమ్మకు కోపం వచ్చింది. భక్తుల భయాన్ని నేను తేలిక చేయను. కానీ కోపానికి కారణం వెతకాలంటే గర్భాలయం వైపు కాదు, కొండ పాదం వైపు చూడాలి.

స్థలపురాణంలో ఈ కొండ రాయి కాదు, ఒక భక్తుడు. కీలుడనే యక్షుడు తపస్సు చేసి, అమ్మ తనపైనే కొలువుండాలని వరం కోరి కొండగా మారాడు. అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేసింది ఇక్కడేనని స్థానికుల నమ్మకం. ఇంకో కథ సముద్రానికి పోయే కృష్ణమ్మది. దారికి కొండ అడ్డు వస్తే బెజ్జం చేసుకుని సాగిందట. బెజ్జంవాడే బెజవాడ అయిందంటారు. పేరు ఎలా పుట్టినా, కొండను తొలిచి దారి చేసుకోవడమనే ఊహ ఈ ఊరికి పాతదే. 10వ శతాబ్దంలో చాళుక్య రాజు యుద్ధమల్లుడు మధ్యాక్కర పద్యాలలో వేయించిన బెజవాడ శాసనం నాటికే ఇది పేరున్న పుణ్యక్షేత్రం. కొండ కింద అక్కన్న మాదన్న గుహలు అంతకంటే ముందువి.

గుహలు తొలవడానికి అనువైన కొండలంటే ఒక సంగతి గ్రహించాలి. విజయవాడ కొండలలో ఎక్కువగా ఉన్నది తూర్పు కనుమలకు చెందిన ఖొండలైట్ శిల. పైకి గట్టిగా కనిపిస్తుంది. కానీ పొరలు పొరలుగా ఉంటుంది, నిండా పగుళ్లు. వాననీరు ఆ పగుళ్లలోకి దిగి శిలలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని ఏళ్ల తరబడి మెత్తని మట్టిగా మారుస్తుంది. ఆ మట్టి తడిసినప్పుడు పై పొర పట్టు తప్పుతుంది. చెట్ల వేళ్లు పగుళ్లలో దిగితే బండలు మరింత విడిపోతాయి. ఇదంతా ప్రకృతి పని, నిదానంగా సాగేది. దానికి తొందర నేర్పింది మనుషులు.

1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. ఆ విషాదం తర్వాతనే కృష్ణకు ఆనకట్ట కావాలన్న ఆలోచన బలపడింది. 1852 నుంచి 1855 వరకు కెప్టెన్ ఛార్లెస్ ఆర్ పర్యవేక్షణలో కట్టారు. ఆ చోటే ఎందుకు? ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ; నది అక్కడ ఇరుకవుతుంది, రాయి పక్కనే దొరుకుతుంది. డెల్టాకు అన్నం పెట్టిన ఆ కట్టడానికి రాయి ఇచ్చింది ఈ కొండలే. ఆ పనిని తప్పుపట్టలేను, కరువులో పోయిన ప్రాణాలు గుర్తుంటే ఎవరూ తప్పుపట్టలేరు. 1952లో ఆనకట్టకు గండి పడింది. 1954-57 మధ్య దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చింది.

తర్వాతి కోతలకు అంతటి కారణం లేదు. కొండకూ నదికీ నడుమ మిగిలిన సన్నని పట్టీలోనే హైదరాబాదు రహదారి, పక్కన స్నానఘట్టాలు, వాటి మీద 2020 అక్టోబరు 16న ప్రారంభమైన దుర్గగుడి ఫ్లైఓవర్. కొండ మీదికి బస్సులు, కార్లు ఎక్కడానికి ఘాట్ రోడ్డు. రోడ్డంటే ఏటవాలును అడ్డంగా చెక్కడమే. చెక్కిన చోటల్లా పై బండకు కింది ఊతం పోతుంది. ఆపైన క్యూలైన్లు, ఏడు అంతస్తుల మల్లికార్జున మహామండపం వచ్చాయి. దీక్ష పట్టిన భవానీలు గిరి ప్రదక్షిణలో చిట్టినగర్ వైపు నడిచేటప్పుడు కొండ వెనక వాలు మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న ఇళ్లను చూస్తారు. అక్కడ ఇల్లు కట్టుకున్న పేదవాడిని నిందించడం సులువు. నగరంలో అతనికి మరో చోటు చూపించామా?

ఈ ముప్పు దుర్గగుడికే పరిమితం కాదని 2024 ఆగస్టు 31 చూపించింది. కుండపోత వానకు మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి పలువురు చనిపోయారు. మరుసటి రోజుకు బుడమేరు వాగు నగరాన్ని ముంచింది, ఆపైన ప్రకాశం బ్యారేజికి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. దుర్గమ్మ ముక్కుపుడకను కృష్ణమ్మ అందుకుంటుందన్న పాత మాట మళ్లీ వినపడింది. నీటి గురించి అంతగా మాట్లాడుకున్న ఊరు రాయి గురించి తొందరగానే మరిచిపోయింది.

ఘాట్ రోడ్డు పక్కన ఇనుప వలలు కట్టారు. చిన్న రాళ్లను అవి ఆపుతాయి. పగుళ్లలోకి దిగే నీటిని ఆపలేవు. కొండ నెత్తిన నీరు నిలవకుండా కాలువలు తీయడం, వదులైన బండలను లోపలి గట్టి రాతికి ఉక్కు కడ్డీలతో బిగించడం, ప్రతి వానాకాలానికి ముందు కొత్త పగుళ్లను వెతకడం, అన్నిటికీ మించి కొత్తగా చెక్కడం మానుకోవడం: ఇవి వలకన్నా కష్టమైన పనులు, ఏటేటా చేయవలసినవి. కొత్త మండపానికి శంకుస్థాపన శిలాఫలకం ఉంటుంది. తీసిన కాలువకు ఉండదు.

అందుకే గట్టి వాన పడినప్పుడల్లా ఘాట్ రోడ్డుకు అడ్డుకంచెలు పడతాయి. భక్తులను మహామండపం వైపు నుంచి, మెట్ల దారిన పంపుతారు. పసుపు కుంకుమల సంచి గుండెకు అదుముకుని, తడిసిన చీర కొంగు నెత్తిన కప్పుకుని పెద్దవాళ్లు ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఉంటారు.